ఒకటే చేంతాడు

మా సంఘంలో సువార్త పనికి కొత్తగా చేరిన ఆడపిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. మీ కాలంలో పని ఎట్లుండేది అవ్వా అని అడుగుతారు. ఎండలో నడిచిన సంగతులు, కుక్కలు తరిమిన సంగతులు చెబుతానని వాళ్ల ఆశ. అవీ ఉన్నాయి. కానీ నా ఉద్యోగమంతటిలో ఒక్కటే చెప్పమంటే నేను చెప్పేది ఒక తాడు సంగతి. మూడో తరగతితో చదువు ఆపేసినదాన్ని. నోటితో చెప్పినట్టే రాస్తున్నాను, మీరూ విన్నట్టే చదువుకోండి.

యాభైల నాటి మాట. కడప జిల్లాలో వానలు సరిగా పడని రోజులు. నేను బైబిలు స్త్రీగా పని చేసేదాన్ని. జనం బైబిలమ్మ అనేవాళ్లు. పల్లెల్లో ఆడవాళ్లు మగ బోధకుల ముందుకు వచ్చి కూర్చోరు కాబట్టి, వాళ్ల వంటింటి దాకా పోయి కథలు చెప్పి, పాటలు నేర్పి, జబ్బుపడ్డవాళ్లను చూసి రావడం మా పని. మిషను వాళ్లు కడపలో కొన్నాళ్లు తర్ఫీదు ఇచ్చి నన్ను మైదుకూరు పక్క పల్లెలకు పంపారు. వయసు పిల్లను ఒంటరిగా పంపరు గదా, ఒక పెద్దామెకు జత చేశారు.

ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆమెకు అక్షరం రాదు. బొమ్మల చుట్ట ఒకటి ఉండేది. గుడ్డ మీద అంటించిన రంగు బొమ్మలు, చాప చుట్టినట్టు చుట్టి చంకలో పెట్టుకునేది. ఆ చుట్టను ఏ చూరుకో తగిలించి, ఒక్కో బొమ్మా తిప్పుతూ కథ చెబుతుంటే, పొయ్యి మీద సంగటి మాడిపోతున్నా ఆడవాళ్లు లేచేవాళ్లు కాదు. నోరు అంత తీపి. కారమూ తక్కువేం కాదు.

ఆమె సంచిలో ఇంకొకటి ఉండేది. సన్నటి నార చేంతాడు, దాని కొసకు చిన్న ఇత్తడి చెంబు. దారిలో తనవాళ్ల బావి కనబడితే ఆ చెంబు దించి, చేదుకుని తాగేది. తర్వాత నాకు పోసేది. నేను దోసిలి పట్టేదాన్ని. సంచి మోసి మోసి ఆమె చేతులు పడిపోయిన రోజున కూడా ఆ తాడు నన్ను ముట్టుకోనివ్వలేదు.

ఎందుకో ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరిదీ ఒకే మిషను, ఒకే పాటల పుస్తకం. కానీ ఆమె పుట్టింది మీది పేటలో, నేను పుట్టింది కింది పేటలో. మా పక్క చాలా పల్లెల్లో ఇట్లా రెండు పేటలు ఉండేవి. రెండూ ఊరి బయటివే. ఊళ్లో రైతుల కంటికి రెండూ ఒకటే. ఒకళ్ల కంటికి ఒకళ్లు మాత్రం ఒకటి కాదు. తాతల నాడే అందరూ క్రైస్తవులయ్యారు, పేటలు మాత్రం పేటలుగానే ఉండిపోయాయి.

ఆ ఎండాకాలం మమ్మల్ని పంపిన పల్లె కూడా అట్లాంటిదే. పొద్దున మైదుకూరులో బయల్దేరితే ఎండ ముదిరేలోపు చేరవచ్చు. రెండు పేటల మధ్య బోదగడ్డి కప్పిన ప్రార్థన మందిరం. మీది పేటవాళ్లు ముందు కూర్చుంటారు, కింది పేటవాళ్లు వెనక కూర్చుంటారు. అట్లా కూర్చోమని చెప్పేవాళ్లు లేరు, వద్దనేవాళ్లూ లేరు. వచ్చే ఆదివారం పాస్టరు అయ్యగారు సంస్కారం, అంటే ప్రభువు బల్ల రొట్టె, రసం ఇవ్వడానికి వస్తారు, మీరు ముందుగా పోయి ఆడవాళ్లను సిద్ధం చేయండని మమ్మల్ని పంపారు.

కింది పేట బావి అప్పటికే ఎండిపోయింది. మీది పేట బావి లోతైనది, అడుగున ఇంకా నీళ్లున్నాయి. సంఘపెద్ద మీది పేట మనిషే. ఆయన కరుణించి ఒక ఏర్పాటు చేశాడు. కింది పేటవాళ్లు కడవ తెచ్చుకుని బావి పక్కన కూర్చోవచ్చు. మీది పేట ఆడవాళ్లు నీళ్లకు వచ్చినప్పుడు చేది, పైనుంచి పోస్తారు. తాడు మాత్రం ఎవరిది వాళ్లు ఇంటికి తీసుకుపోతారు. గట్టు మీద ఎవరూ వదలరు.

మేం పోయిన సాయంత్రం కింది పేటలో ఒక బాలింతను చూడబోయాం. తొలి కాన్పు. పక్కలో ఎర్రటి పసిగుడ్డు, తల్లికి ఒళ్లు కాలుతున్న జ్వరం. కాచి చల్లార్చిన నీళ్లు తాపుతూనే ఉండాలి, తడిగుడ్డతో తుడుస్తూనే ఉండాలి, లేకపోతే కష్టమని మంత్రసాని చెప్పి పోయిందట. ఆ పిల్ల అత్త కడవ వంచి అడుగు చూపించింది.

“తాపమంటారు, తాపుతా. పోసేవాళ్లు దొరకల్ల గదమ్మా” అంది.

మేం మోకరించి గట్టిగా ప్రార్థన చేశాం. సంఘపెద్ద ఇంటి పంచలో మాకు బస, అక్కడికి తిరిగివచ్చి పడుకున్నాం. నీళ్ల మాట మా ఇద్దరికీ మనసున పట్టలేదు. అప్పటికి మాకు జ్వరం వేరు, కడవ వేరు.

మరునాడు మీది పేటలో ఆడవాళ్ల కూడిక. నేను పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగాను. అందరూ రావల్ల, ఒక్కరు కూడా ఇంట్లో మిగలకూడదు, ఏ పనైనా తర్వాత చేసుకోవచ్చని బతిమాలాను. పిల్లను చంకనేసుకుని ఒకరు, చేట చేతిలో పట్టుకుని ఒకరు, పేట పేటంతా సంఘపెద్ద ఇంటి పందిట్లోకి వచ్చేసింది. నాకు గర్వంగా ఉండింది. పెద్దమ్మ బొమ్మల చుట్ట తగిలించి, బావి దగ్గర సమరయ స్త్రీ కథ చెప్పింది. దేవుని కుమారుడు దప్పికతో బావి పక్కన కూర్చోవడం, తాము ముట్టుకోని జాతి ఆడమనిషిని నీళ్లు అడగడం. ఆ కథ ఆమె చెబితే వినాలి. ఎండ, దుమ్ము, కడవ చప్పుడు అన్నీ కండ్లకు కట్టేవి.

కథ అయ్యాక ప్రశ్నలు. సంఘపెద్ద భార్య అన్నిటికీ ముందుండే మనిషి. మాట పెళుసు, జ్ఞాపకం గట్టిది.

“ఆయప్ప ఆమెను నీళ్లు ఎందుకు అడిగినాడు?” అంది పెద్దమ్మ.

“దేవుని ముందర ఎక్కువ తక్కువలు లేవని చూపించేదానికి” అని ఆమె తడుముకోకుండా చెప్పింది.

“శానా బాగ చెప్తివి తల్లీ” అని పెద్దమ్మ మెచ్చుకుంది. అందరం పాట పాడాం. ఒకటి చాలక ఇంకొకటి పాడాం.

చెప్పి చెప్పి పెద్దమ్మ గొంతు ఎండింది. సంచిలోంచి చేంతాడు తీసుకుని బావి వైపు నడిచింది. బొమ్మల చుట్ట మోసుకుంటూ నేను వెనక పోయాను. బావి గట్టు కింద, నీడ లేని చోట, బాలింత అత్త కూర్చుని ఉంది. పక్కన ఖాళీ కడవ. కొంగు నెత్తిన వేసుకుంది, పెదవులు తెల్లగా పగిలి ఉన్నాయి.

“ఎప్పుడొచ్చినావమ్మే?” అంది పెద్దమ్మ.

“పొద్దు పైకి రాకముందే వచ్చినా.”

“ఎవురూ పోయలేదా?”

“ఎవురూ రాలేదమ్మా. అందురూ ప్రార్థనకు పోయిరి. పాటలు ఇనపడతానే ఉండాయి. అయిపోతే వస్తార్లే అని కూచున్యా. ఒగ పాట అయిపోయ, ఇంగో పాట ఎత్తుకుంట్రి.”

“నువ్వు వచ్చి పిలవకపోయినావా?”

“ప్రార్థన మధ్యలో పిలిస్తే తప్పు గాదా తల్లీ?”

“కోడలికి ఎట్లుండాది?”

“కాలిపోతాంది. నాలికె మింద తడి లేదు. బిడ్డకు పాలు రాలేదు.”

పెద్దమ్మ నా చంకలోని చుట్ట వైపు ఒకసారి చూసింది. తర్వాత చేతిలో ఉన్న తాడు ఆ మనిషి ముందుకు చాచింది.

“ఇదో, పట్టు. నాకు దప్పికయితాంది. చేది పొయ్యి.”

ఆమె కడవ వదిలేసి లేచి వెనక్కి జరిగింది. “నేనా? వొద్దు తల్లీ. రేపు నన్ను ఈడికి రానిస్తారా?”

“నా తాడుతోనే గదా చేదమంటాండా. నా భుజం నొస్తాంది. పట్టు.”

భుజం నొప్పి అబద్ధం. ఆ మాటకొస్తే ఆమె ఆడిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. బాలింత అత్త గట్టెక్కింది. చెంబు రాళ్లకు తగులుతూ దిగింది. నీళ్లు పైకొచ్చాయి. పెద్దమ్మ రెండు చేతులూ దగ్గరికి చేర్చి, వంగి, దోసిలి పట్టింది. ఆమె ముందు ఎన్నోసార్లు దోసిలి పట్టినదాన్ని నేను. ఆమె దోసిలి పట్టగా చూడడం అదే మొదలు.

అప్పటికి పందిట్లోంచి ఆడవాళ్లు వచ్చేశారు. అందరికంటే ముందు సంఘపెద్ద భార్య.

“ఏం చేస్తాండావు పెద్దమ్మా నువ్వు?”

“నీళ్లు అడిగి తాగుతాండా.”

“మమ్మల్ని అడిగితే పొయ్యమా? ఇంత మందిమి ఉండాం గదా.”

“మీరు పాఠం ఒప్పజెప్తాంటిరి గదమ్మా. మధ్యలో లేపడమెందుకని.”

ఎవరూ నవ్వలేదు. బాలింత అత్త కడవ నింపుకుని గట్టు దిగింది. నేను ఆమె వెంట పోయి నీళ్లు కాచి, చల్లార్చి, ఆ పిల్లకు చుక్క చుక్కగా తాపి వచ్చాను. తిరిగొచ్చేసరికి మా మూటలు సంఘపెద్ద ఇంటి పంచ బయట ఉన్నాయి. ఆయన మర్యాదస్తుడు. కేక వేయలేదు.

“మీరు దైవసేవకులు. మిమ్మల్ని ఒగ మాట అనను. బావి మాత్రం మా పేటది. అయ్యగారికి కబురు పంపుతాండా. ఇట్లాంటోళ్లు మాకు వొద్దని చెప్తాండా” అన్నాడు.

బావి మైలపడింది, నీళ్లన్నీ తోడి పోసేదాకా ఎవరూ ముట్టకూడదని మీది పేటలో తీర్మానం. మా ఉద్యోగాలు పోయినట్టేనని నాకు తెలిసిపోయింది. మూటలు నెత్తిన పెట్టుకుని కింది పేటకు నడిచాం. బాలింత అత్త జొన్న సంగటి ముద్ద, చింతాకు పచ్చడి పెట్టింది. పెద్దమ్మ ఆ ముద్ద వైపు చాలాసేపు చూసింది. తర్వాత కండ్లు మూసుకుని ప్రార్థన చేసింది. అది మామూలు భోజన ప్రార్థన కంటే పొడుగ్గా సాగింది. అప్పుడు తిన్నది. ఆమె తింటుంటే ఆ ఇంట్లోవాళ్లు తినడం మానేసి చూస్తూ కూర్చున్నారు. తాడు, చెంబు బావి గట్టు మీదనే ఉండిపోయాయి. తెచ్చుకోవాలని ఆమెకు తోచలేదు. ముట్టుకోవడానికి మీది పేటవాళ్లకు ధైర్యం లేదు.

తెల్లవారింది. నీళ్లు లేకుండా ఎన్నాళ్లు? మీది పేటవాళ్లు తమ బావి తాము మూసుకున్నారు. వాళ్లు ముట్టని బావిలో చేదితే రేపు మా గతేమిటని కింది పేటవాళ్లు కూడా పోలేదు. ఇక చుట్టుపక్కల నీళ్లున్నది ఊళ్లో ఒక రైతు పొలంలోని కపిల బావి. ఎడ్లను కట్టి తోలు బానతో నీళ్లు పైకి లాగేవాళ్లు. తొట్టి నిండితే జీతగాడు చెంబుతో ముంచి, పైనుంచి కడవల్లోకి పోసేవాడు. తొట్టిని మనవాళ్లు ఎవరూ ముట్టకూడదు.

బాలింత అత్తతోబాటు నేనూ పోయాను. అప్పటికే మీది పేట ఆడవాళ్లు వచ్చి ఒక పక్క నిలబడి ఉన్నారు. మేం ఇంకో పక్క నిలబడ్డాం. జీతగాడు ఎడ్లను ఆపి అందరినీ ఒకసారి చూశాడు.

“రెండు గుంపులేంది? ఒగ వరసలో నిలబడండి” అన్నాడు.

“మేము వేరే పేట” అంది సంఘపెద్ద భార్య.

“ఏ పేటయితే నాకేంది తల్లీ. అందురూ దూరంగా నిలబడేవాళ్లే గదా. జరగండి, తొట్టికి తగలాకండి.”

వరస కలిసిపోయింది. బాలింత అత్త వెనక సంఘపెద్ద భార్య, ఆమె వెనక నేను. జీతగాడు చెడ్డవాడేమీ కాదు. ఇంట్లో బాలింత ఉందని ఎవరో చెబితే ఆ అత్త కడవ నిండా పోశాడు. తర్వాత సంఘపెద్ద భార్య కడవ ఎత్తి పట్టుకుంది. అతను పైనుంచి పోస్తుంటే సగం నీళ్లు ఆమె మొహాన, రవిక మీద పడుతున్నాయి. ఆమె కండ్లు మూసుకుని తల పక్కకు తిప్పుకుంది. రోజూ అట్లా ఆమె పోసేది. తాను పట్టడం అదే మొదలు కాబోలు. కడవ సగమైనా కాకముందే అతను చెంబు పక్కన పెట్టేశాడు.

“ఇంగ చాలు. ఎడ్లు అలిసినాయి. పొద్దు వాలినాక రాండి.”

ఎవరూ కదల్లేదు. సంఘపెద్ద భార్య తన కడవలోకి చూసుకుంటూ నిలబడింది. ఇంటినిండా పిల్లలున్న మనిషి. అప్పుడు బాలింత అత్త తన నిండు కడవ చంకలోంచి దించింది. కొంచెం వంచి పట్టుకుని ఆగింది.

“పొయ్యమంటావా అక్కా?” అంది, మెల్లగా.

అడగడం అడిగింది కానీ మొహం ఎత్తలేదు. వద్దంటే ఆ పేటల మధ్య ఇక మాట అనేది మిగలదు. సంఘపెద్ద భార్య మొహాన పడ్డ నీళ్లు కొంగుతో తుడుచుకుంది. ఎంతసేపు తుడుచుకుందో. చివరికి కడవ ముందుకు జరిపింది.

“పొయ్యి” అంది.

కడవకు కడవ ఆనించి పోసింది. పైనుంచి కాదు. ఒక్క చుక్క కింద పడలేదు.

దారిలో ఇద్దరూ ముందు వెనకగా నడిచారు. పేటల దగ్గర దారి చీలేచోట సంఘపెద్ద భార్య ఆగింది.

“కోడలికి ఎట్లుండాది?”

“ఈ పొద్దు కండ్లు తెరిసి సూసింది. బిడ్డ పాలు పట్టింది.”

“ఊ” అని ఆమె వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే కింది పేటలో పిల్లలు పరుగెత్తుకొచ్చి బావి దగ్గర ఎవరో ఉన్నారని చెప్పారు. మేమంతా పోయి దూరంగా నిలబడ్డాం. సంఘపెద్ద భార్య వట్టి చేతులతో వచ్చింది. తన తాడు తెచ్చుకోలేదు. గట్టు మీద పడి ఉన్న పెద్దమ్మ తాడు, బాలింత అత్త చేదిన ఆ తాడే, ఎత్తుకుని బావిలోకి వదిలింది. చేదింది. అక్కడే నిలబడి తాగింది. వెనక నుంచి ఆమె మొగుడు వచ్చి “ఏందే ఇది?” అన్నాడు.

“దప్పికయింది” అంది. “పొద్దున నేను కపిల కాడికి పోతే వాడు మొహాన పోసినాడు. నేను మళ్లా పోను. నీకు కావాలంటే నువ్వు పోయి పట్టుకోని రాపో.”

ఆయన పోలేదు. ఆమె తాడు మళ్లీ గట్టు మీదనే పెట్టి, మా వైపు తిరిగి బాలింత అత్తను పిలిచింది.

“రామ్మే. ఇంగ నువ్వే చేదుకో. పొద్దుగూకులూ నీకు నీళ్లు పోస్తా కూచునే తీరిక నాకు యాడుండాది?”

ఆమె క్షమాపణ అంతే. అంతకంటే మంచిది నేను గుళ్లో కూడా వినలేదు.

ఆదివారం అయ్యగారు వచ్చారు. సంఘపెద్ద పంపిన కబురు ఆయనకు ముందే అందింది. పెద్దమ్మను పక్కకు పిలిచి, బావి దగ్గర ఏం చేశారని అడిగారు. “నీళ్లు అడిగి తాగినాను అయ్యగారూ. ఆ వారం పాఠం అదే” అంది. ఆయన ఏదో అనబోయి, సంఘపెద్ద వైపు చూశారు. సంఘపెద్ద తన భార్య వైపు చూసి నేలచూపు చూశాడు. మా ఉద్యోగాలు అట్లా మిగిలాయి.

మా పల్లెల్లో సంస్కారానికి ఎండుద్రాక్ష పళ్లు నీళ్లల్లో నానబెట్టి పిసికి రసం తీసేవాళ్లు. ఎప్పటిలాగే సంఘపెద్ద భార్యే తీసి తెచ్చింది. శనివారం ఆ నీళ్లు చేది ఇచ్చింది బాలింత అత్త. ఈ సంగతి ఎవరూ అయ్యగారికి చెప్పలేదు కానీ పేట పేటకంతా తెలుసు. మీది పేటలో కొన్ని ఇళ్లవాళ్లు ఆ పూట గిన్నె ముట్టకుండా లేచిపోయారు. ఉన్నది చెబుతున్నాను. కొందరు మళ్లీ రావడానికి ఏండ్లు పట్టింది. ఉన్నవాళ్లు మాత్రం ఒకే గిన్నెలో తాగారు.

మరునాడు బయల్దేరుతూ నేను బావి దగ్గరికి పోయి తాడు, చెంబు తెస్తానన్నాను.

“ఉండనీలే పాపా” అంది పెద్దమ్మ.

“దారిలో దప్పికయితే?”

“అడుగుదాం.”

కొంత దూరం నడిచాక ఒక కానుగ చెట్టు కింద కూర్చుని, చుట్టలోని ఆ సమరయ స్త్రీ బొమ్మ విప్పి నా ముందు పరిచింది.

“ఇన్నేండ్లు ఈ కత చెప్పినా గదా. ఎప్పుడూ ఈ ఆడామెనే సూస్తాంటి. కడవ ఆమె దగ్గరే, తాడు ఆమె దగ్గరే. ఆయప్పను సూడు. రెండూ ఉత్త చేతులు. బావి అంచున కూచోని కూడా అడిగితే గాని తాగలేడు. నేను తాడు సంచిలో పెట్టుకోని తిరుగుతా, ఆయప్ప కత చెప్తా వచ్చినా. ఎవురినీ అడగాల్సిన పని లేకుండా.”

ఆ తర్వాత మేం తాడు లేకుండానే తిరిగాం. చాలా దప్పికలు పడ్డాం. ఏ పేటలోనైనా మొదటి గడప ముందు నిలబడి, అమ్మా కాసిని నీళ్లు అని అడిగేవాళ్లం. కొందరు మొహం చూసి తలుపు వేసేవాళ్లు. ఎక్కువమంది, మా దగ్గర కూడా అడిగేవాళ్లు ఉన్నారా అన్నట్టు చూసి, చెంబు కడిగి తెచ్చేవాళ్లు. కథ చెప్పడానికి అంతకుముందు ఇల్లిల్లూ బతిమాలిన నేను, నీళ్లు అడిగిన ఇంట్లో ఎన్నడూ బతిమాలలేదు. వాళ్లే కూర్చోమనేవాళ్లు. ఆమె ముందు తాగి, చెంబు నాకు అందించేది. దోసిలి పట్టే పని అక్కడితో అయిపోయింది.

పెద్దమ్మ పోయి చాలా కాలమైంది. ఇప్పుడు గుడికి వచ్చే ప్రతివాళ్ల చేతిలో ఒక నీళ్ల సీసా ఉంటుంది. మంచిదే, ఎండలు అట్లున్నాయి. మా మనవరాలు నాకూ ఒకటి కొనిచ్చింది. ఆదివారం పూట దాన్ని ఇంట్లోనే మరిచిపోతాను. ప్రసంగం మధ్యలో గొంతు ఎండుతుంది. పక్కన ఎవరు కూర్చున్నారో చూసి, ఎక్కువగా కొత్తవాళ్లనే చూసి, వాళ్ల మోచేయి తట్టి అడుగుతాను.

“కాసిని నీళ్లు ఇస్తావామ్మా?”